గొట్టానికి గోత్రం

నూకల నుంచి ఇథనాల్ తీసే మా ఫ్యాక్టరీ గోదావరి డెల్టాలో ఒక కాలువ గట్టు పక్కన ఉంది. ఊరి పేరు చెబితే పరువు పోతుంది గనుక చెప్పను. అక్కడి నిల్వ ట్యాంకులు ఊపిరి పీల్చి వదిలే వెంట్ పైపులన్నింటినీ హెడర్ అనే ఒక ఉమ్మడి గొట్టానికి కలిపి, ఆవిరిని కడిగే స్క్రబ్బర్‌కు పంపాలని యాజమాన్యం సంకల్పించింది. ఆ పైపుకు ఏ డిజైన్ కోడ్, అంటే ఏ నియమాల పుస్తకం, వర్తిస్తుందో తేల్చే కమిటీలో నేనూ ఒక సభ్యుణ్ణి. పెళ్ళికి గోత్రం చూడటం ఎంత ముఖ్యమో గొట్టానికి కోడ్ చూడటమూ అంతే ముఖ్యమని మొదటి కాఫీ పూర్తికాకముందే ఏకగ్రీవంగా తీర్మానించాం.

ఎంపికలో మాకు శాస్త్రం కన్నా బంధుప్రీతే ఎక్కువ తోడ్పడింది. కోనసీమ కొబ్బరితోటల్లో గ్యాసు లైన్లు వేసి వచ్చిన ఒకాయన బి31.8ను ప్రతిపాదించారు; అది ఊళ్ళు దాటిపోయే గ్యాసు పైపులైన్ల కోసం రాసిన పుస్తకమని, మన పైపు ప్రహరీగోడ కూడా దాటదని ఎంత చెప్పినా, మేనల్లుడికి సంబంధం కుదర్చబోయిన మేనమామలా ఆయన వెనక్కి తగ్గలేదు. జీవితమంతా ట్యాంకులు కట్టిన ఇంకొకాయన, ట్యాంకుల కోడ్ ఏపీఐ 650 ఉండగా వేరే పుస్తకం దేనికన్నారు. ఆ పుస్తకం సరిహద్దు నాజిల్ (ట్యాంకుకున్న గొట్టపు మూతి) మొదటి ఫ్లాంజి (బోల్టులతో బిగించే చక్రం) ముఖం దగ్గరే ఆగిపోతుంది. అవతలిది ఎవరి పొలమన్న ప్రశ్నతో సమావేశం కాసేపు అచ్చమైన గట్టు తగాదా అయింది.

అప్పుడు ఖర్చుల పద్దు చూసే పెద్దాయన గొంతు సవరించుకున్నారు. ఫ్యాక్టరీ లోపలి ప్రాసెస్ పైపింగుకు వాడే బి31.3 కోడ్, 15 పీఎస్‌ఐ కన్నా తక్కువ పీడనం గల పైపులను తన పరిధి నుంచి మినహాయించిందనీ, కనుక మన పైపుకు ఏ కోడూ అక్కర్లేదనీ చదివి వినిపించారు. చదివింది నిజమే, కాని వాక్యంలో సగమే. లోపల పారేది మండనిదీ, విషం కానిదీ, మనిషి ఒంటికి హాని చేయనిదీ అయితేనే ఆ మినహాయింపు అని మిగతా సగం చెబుతుంది. ఇథనాల్ ఆవిరి అంటుకోవడానికి సుమారు 13 డిగ్రీల సెల్సియస్ చాలు. మా డెల్టాలో సంక్రాంతి మంచులో కూడా అంత చలి అరుదు. మిగతా సగం కూడా చదవమని నేను కోరితే, భోజనానికి వేళయిందన్నారు.

మధ్యాహ్నం బి31.3 గెలిచింది. గెలిచిన ఊపులో 150 క్లాసు ఫ్లాంజీలు రాసేశాం. మామూలు ఉష్ణోగ్రతలో కార్బన్ స్టీలు ఫ్లాంజి 19.6 బార్ పీడనాన్ని భరిస్తుంది. దాని కింద కూర్చున్న ట్యాంకు మాత్రం, వేరే షరతు లేకపోతే, 25 మిల్లీమీటర్ల నీటిమట్టమంత శూన్యతకే డిజైన్ అయి ఉంటుంది. పది మీటర్ల వ్యాసానికి 5 మిల్లీమీటర్ల రేకు. ఆ లెక్కన అది ఆత్రేయపురం పూతరేకుకు దగ్గరి చుట్టం. ఆ 25 మిల్లీమీటర్లే కప్పు మీద 75 కిలోల ధాన్యం బస్తాలు 26 పేర్చినంత బరువు. ఎండకు కాగిన ట్యాంకు మీద వేసవి జల్లు పడితే లోపలి ఆవిరి కుంచించుకుపోయి ట్యాంకు గాలి కోసం తపిస్తుంది. అదే వేళ పంపు కూడా ఇథనాల్‌ను బయటికి లాగుతుంటే మరీను. ఎంత గాలి కావాలో చెప్పేది ఏపీఐ 2000 అనే ఇంకో పుస్తకం. ఆ గాలి, ట్యాంకు ఊపిరి తీసుకునే బ్రీదర్ వాల్వ్‌లోనూ పైపు వంపుల్లోనూ ఎంత పీడనం పోగొట్టుకుంటుందో చూశాకే పైపు వ్యాసం తేలాలి. మేం పైపు గోడ మందం మీద ఒక పూట, వ్యాసం మీద టీ చల్లారేంత సేపు చర్చించాం. 'నాజిల్ ఎంతో పైపూ అంతే' అని మినిట్స్‌లో ఉంది.

సంతకాలు అవుతుండగా, ట్యాంకు ఎక్కి దిగి వచ్చిన కుర్రాడు గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆయ్, బ్రీదర్ వాల్వ్ జల్లెడ నిండా కందిరీగలు గూడు పెట్టేశాయండి. దివిటీ పట్టుకెళ్ళి కాల్చేయమంటారా అండీ?"

కందిరీగల గూడు ఏ కోడ్ పరిధిలోకి వస్తుందో తేలేదాకా దివిటీ వెలిగించవద్దని ఆదేశించి, సమావేశాన్ని వచ్చే మంగళవారానికి వాయిదా వేశాం. కింద పంపు నడుస్తూనే ఉంది, ట్యాంకరు లారీ నిండుతూనే ఉంది.