సీరియలే కదా అనకండి

మొన్న మన తెలుగు సంఘం ఉగాది సంబరాల్లో పంచాంగ శ్రవణం అయ్యాక, భోజనాల లైను మొదలయ్యేలోపు ఓ పావుగంట ఖాళీ దొరికింది. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు మైకిచ్చి నాలుగు మాటలు చెప్పించడం మనకు అలవాటే. ఈసారి సరదాగా టీవీ సీరియల్ 'కార్తీక దీపం' ముగింపు ఎలా ఉందని అడిగారు. ఒంగోలు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ లేచి తనకు నచ్చలేదని, నల్లగా ఉందని మాటలు పడి, భర్త అనుమానాన్ని భరించిన కథానాయిక దీప పడ్డ కష్టానికి అది చాలదని చెప్పడం మొదలుపెట్టారు. గొంతు కాస్త వణికింది. వెనక కుర్చీల్లోంచి ఎవరో "సీరియలే కదా ఆంటీ!" అన్నారు. హాలంతా ఒకటే నవ్వు. మైకు పక్కావిడ చేతికి వెళ్ళిపోయింది. ఆవిడ ముగింపు చాలా బాగుందన్నారు. దానికీ నవ్వే. తర్వాత భోజనాల దగ్గర ఆ ఒంగోలావిడతో కొడుకు "ఎందుకమ్మా నలుగురిలో అవన్నీ" అంటుంటే విన్నాను. హాల్లో నవ్విన నవ్వు కంటే ఆ మాట నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఆ ఆఖరి ఎపిసోడ్ వచ్చిన 2023 జనవరి 23న నేను నెల్లూరులో ఉన్నాను. సంక్రాంతికి వెళ్ళి, మూలాపేటలో అమ్మ దగ్గర ఉండిపోయాను. సాయంత్రం ఏడున్నరకల్లా అమ్మ, పిన్ని, పక్కింటి అక్క టీవీ ముందు నేల మీద చేరారు. మధ్యలో చాట నిండా చిక్కుడుకాయలు. వేళ్ళు ఈనెలు తీస్తున్నాయి, కళ్ళు మాత్రం టీవీ మీదే. ఒక దశలో పిన్ని ఈనెలు గిన్నెలో వేసి కాయలు చెత్తబుట్టలో వేసేస్తున్నా ముగ్గురిలో ఎవరూ చూసుకోలేదు. 2017లో మొదలై 1500 ఎపిసోడ్లు దాటిన కథ అది. అన్నాళ్ళు రోజూ ఇంటికొచ్చిన మనుషులు రేపటి నుంచి రారు.

అయిపోగానే అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అక్కకు మాత్రం కోపం ఆగలేదు. "ఏందక్కా ఇది? అన్నేళ్ళు పెళ్ళాన్ని అనుమానించినోడికి అంత మర్యాదా?" అంది. "తప్పు తెలుసుకున్నాడు గదమ్మా" అంది అమ్మ. "ఎప్పుడో ఒకప్పుడు ఆపాల గదా, ఇప్పటికే శానా లాగినారు" అని పిన్ని. తొమ్మిది దాకా నడిచింది వాదన. అక్క గొంతు వీధి మలుపు దాకా వినిపించి ఉంటుంది.

మా అమ్మను పెళ్ళిచూపుల నాడే నల్లపిల్ల అన్నారు. మా నాన్న కూడా చాలాకాలం తన తల్లి మాటే విన్నారు, తర్వాత మారారు. అందుకే అందరూ వంటలక్క అని పిలిచే ఆ దీప కాపురం నిలబడాలని అమ్మకు అంత ఆరాటం. పక్కింటి అక్క మొగుడు వదిలేసి పోతే ట్రంకు రోడ్డు పక్కన ఇడ్లీ బండి పెట్టి ఇద్దరు పిల్లల్ని చదివించింది. ఆమె దగ్గరకు ఎవరూ వచ్చి తప్పయిందని చెప్పలేదు. ఒకే ఎపిసోడ్ చూసి ఈ ఇద్దరూ ఒకే మాట ఎలా అంటారు?

మా వీధిలో అందరూ అంత మర్యాదస్తులని చెప్పను. వంటలక్క పేరు పెట్టి భార్యల్ని ఎగతాళి చేసిన మగవాళ్ళు అక్కడా ఉన్నారు. సీరియల్ని తప్పు పట్టేవాళ్ళ మాటా వినాల్సిందే. తెల్లటి నటికి నల్లరంగు పూసి నల్లపిల్ల కథ చెప్పారన్న అభ్యంతరం సబబేనని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ అభ్యంతరం చెప్పేవాళ్ళు కథను పట్టించుకుని మాట్లాడుతున్నారు. "సీరియలే కదా" అన్నవాళ్ళు ఎదుటి మనిషినే పట్టించుకోవడం లేదు.

ముగింపు మీద తగాదా మనకు కొత్త కాదు. మహాభారతంలో చివరి పదిహేను పర్వాలు తెనిగించిన తిక్కన మా నెల్లూరు కవి, మనుమసిద్ధి కొలువులో ఉన్నవాడు. స్వర్గారోహణ పర్వంలో ధర్మరాజు స్వర్గానికి పోతే అక్కడ వైభవంగా కూర్చుని కనిపించేది దుర్యోధనుడు. ధర్మరాజుకే కోపం వచ్చింది, నా తమ్ముళ్ళున్న చోటికి తీసుకుపొమ్మన్నాడు. మా తాత ఆ ఘట్టం చదివినప్పుడల్లా ఇది అన్యాయం అనేవాడు. ఆయన స్నేహితుడొక మాస్టారు, యుద్ధంలో వెన్ను చూపకుండా పోయినవాడికి స్వర్గం రావాల్సిందేనని వాదించేవాడు. అరుగు మీద ఏళ్ళ తరబడి సాగిన తగాదా అది. తాత పోయేదాకా ఎవరి మాట మీద వాళ్ళే ఉన్నారు, మాస్టారు రోజూ వస్తూనే ఉన్నారు.

మన పిల్లలకు మాత్రం ఈ బాధ తెలియదా? 2019 మేలో ఇంగ్లీషు టీవీ సీరియల్ 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' ముగిసినప్పుడు ఆఖరి సీజన్ మళ్ళీ తీయమని సంతకాలు పెట్టినవాళ్ళు 15 లక్షలు దాటారు. ఆ ముగింపే సరైనదని వాదించినవాళ్ళూ ఉన్నారు. అప్పుడు మన పెద్దవాళ్ళు "పనీ పాటా లేదా" అన్నారు. అదీ తప్పే.

విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మలకు ఇక్కడ అరుగు లేదు, పక్కింటి అక్క లేదు. కొడుకూ కోడలూ ఆఫీసుకు, పిల్లలు స్కూలుకు వెళ్ళాక రోజంతా నాలుగు గోడలే. ఏడాదిలో ఒకటి రెండుసార్లు మన సంఘంలోనే తెలుగులో వాదించుకునే అవకాశం దొరుకుతుంది. దయచేసి దాన్ని నవ్వి తుంచేయకండి. మీ అమ్మకు ముగింపు నచ్చకపోతే, నువ్వైతే ఏం రాసేదానివమ్మా అని కారులో ఇంటికెళ్తూ అడగండి. ఆమె చెప్పేది మీకు నచ్చకపోతే నచ్చలేదనే చెప్పండి, కానీ పూర్తిగా విన్నాక.

కార్యవర్గానికి ఒక మనవి. ఈ దీపావళి కార్యక్రమాల్లో ముగింపుల గురించి మాట్లాడుకోవడానికి ఒక అరగంట పెట్టండి. గేమ్ ఆఫ్ థ్రోన్స్ చూసిన పిల్లలూ రావాలి, కార్తీక దీపం చూసిన అమ్మలూ రావాలి. ఒకరు మాట్లాడేటప్పుడు ఇంకొకరు అడ్డురాకూడదు, ఎవరి మైకూ మధ్యలో లాక్కోకూడదు. పేర్లు రాసుకునే పని నాకివ్వండి, ఇంటింటికీ నేనే ఫోన్ చేస్తాను.