పావలా చచ్చింది, బాకీ చావలేదు

నాయనమ్మ ట్రంకు పెట్టె సర్దుతుంటే పట్టుచీరల అడుగున ఒక హార్లిక్స్ సీసా దొరికింది. మూత తుప్పు పట్టి బిగుసుకుపోయింది, కటింగ్ ప్లేయరు పెట్టి తిప్పాల్సి వచ్చింది. పేపరు పరిచి కుమ్మరించాం. పావలాలు 200, ఇరవై పైసలు 40, అంచు వంకీలు తిరిగిన పది పైసలు 150, ఐదు పైసల చదరాలు 80. మొత్తం 77 రూపాయలు. వంటింటి కాటా మీద పెడితే కిలోకు కాస్త పైన తూగాయి.

వీటినేం చేయాలని ఇంట్లో పెద్ద పంచాయితీ. తిరుపతి వెళ్లినప్పుడు హుండీలో వేద్దామంది మా వదిన. ఆన్‌లైన్‌లో పెడితే లక్షలొస్తాయన్నాడు మావాడు. పాత సామాన్లవాడికి వేసేయమన్నాడు బాబాయి. నేనైతే మూడూ వద్దన్నాను.

లక్షల మాట ముందు తేల్చేద్దాం. వైష్ణోదేవి నాణెం, ట్రాక్టరు బొమ్మ ఐదు రూపాయల నోటు అంటూ ఫోన్లలో తిరిగే వీడియోలు చూసే ఉంటారు. బేరం కుదిరిందంటారు, తర్వాత రిజిస్ట్రేషన్ ఫీజంటారు, ఆపైన టాక్సంటారు. మన డబ్బు పోతుంది, నాణెం మన దగ్గరే ఉంటుంది. పాత నోట్లు, నాణేల అమ్మకాలతో తనకు సంబంధం లేదని, కమీషన్లేవీ అడగనని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో చెప్పింది. కోట్లకొద్దీ ముద్రించిన పావలాకు అరుదైన విలువ ఎక్కడి నుంచి వస్తుంది? చింతపండు పెట్టి తోమితే ఆ కాస్తా పోతుంది, సేకరించేవాళ్లు తోమిన నాణేన్ని ముట్టుకోరు.

మీ సీసాలో అర్ధ రూపాయలుంటే మాత్రం పక్కన పెట్టండి. అవి ఇంకా చెల్లుతాయి. కిరాణా కొట్టాయన మొహం చిట్లిస్తే అది వేరే సంగతి. చెల్లే నాణేన్ని కరిగిస్తే 2011 నాణేల చట్టం కింద ఏడేళ్ల దాకా జైలు.

ఇక పావలా. 2010 డిసెంబరులో నోటిఫికేషన్, 2011 జూన్ 30 నుంచి పావలా, అంతకన్నా చిన్నవి చెల్లవు. మధ్యలో ఆరు నెలలు. మార్చుకోవడానికి కూడా ప్రతి బ్యాంకూ పనికిరాదు, చిల్లర నాణేల డిపో ఉన్న బ్రాంచికో, రిజర్వు బ్యాంకు ఆఫీసుకో వెళ్లాలి. మా నాయనమ్మలాంటి మనిషి 77 రూపాయల చిల్లర మూట కట్టుకుని, బస్సెక్కి, ఆ డిపో ఎక్కడో కనుక్కుని వెళ్తుందా? బస్సు చార్జీకే సగం పోతాయి.

ఇప్పుడు రెండు వేల నోటు సంగతి చూడండి. 2023 మే 19న ఉపసంహరణ ప్రకటించారు. గడువిచ్చారు, దాన్ని పొడిగించారు. అదీ దాటాక రిజర్వు బ్యాంకు వాళ్ల 19 ఇష్యూ ఆఫీసుల్లో తీసుకునే ఏర్పాటు చేశారు. పోస్టులో పంపినా ఖాతాలో వేస్తామన్నారు. నోటును రద్దు చేయలేదు కదా, వెనక్కి తీసుకున్నారంతే అంటారు. నా గోలంతా అదే. ఆ మర్యాద పావలాకెందుకు దక్కలేదు? జర్మనీలో మార్కు పోయి యూరో వచ్చింది 2002లో. ఇవాళ్టికీ అటక మీద దొరికిన మార్కు నాణేలు తీసుకెళ్తే అక్కడి కేంద్ర బ్యాంకు యూరోలిస్తుంది. గడువే లేదు.

పావలాకు విలువేముంది, లెక్కపెట్టే ఖర్చే దానికన్నా ఎక్కువవుతుంది అంటారు. నిజమే, ధరలు పెరిగి పావలాకు ఏమీ రాని రోజులొచ్చాయి, కొత్తవి ముద్రించమని ఎవరూ అడగడం లేదు. కానీ లెక్కపెట్టడం దేనికి? కాటా మీద తూచి తీసుకోండి. నా లెక్కలో నాణెమంటే ప్రభుత్వం మనకు పడిన బాకీ. బాకీ చిన్నదని ఎగ్గొట్టే హక్కు అప్పు తీసుకున్నవాడికి ఉంటుందా?

అసలు ఈ చిల్లర ఎవరిది? మగవాళ్ల డబ్బు బ్యాంకులోనో, భూమిలోనో, చీటీలోనో ఉంటుంది. పోపుల డబ్బాలో, బియ్యం డబ్బా అడుగున, చీర మడతలో దాగేది ఆడవాళ్ల డబ్బు. కూరగాయల్లో మిగిల్చింది, పాలవాడి దగ్గర బేరమాడి ఆదా చేసింది. దాని లెక్క భర్తకే తెలియదు, ప్రభుత్వానికేం తెలుస్తుంది? ఆ ఆడవాళ్ల పొదుపు సంఘాల అప్పుల కోసమే 2004లో వైఎస్ ప్రభుత్వం పావలా వడ్డీ తెచ్చింది. నూటికి నెలకు పావలా, అంటే ఏడాదికి మూడు శాతం. ఏడేళ్లు తిరక్కుండానే ఆ పావలా చెల్లకుండా పోయింది. పొదుపు సంఘంలో వేసిన రూపాయికి పాసుపుస్తకం ఉంది, సభల్లో చప్పట్లున్నాయి. హార్లిక్స్ సీసాలో వేసిన పావలాకు ఆరు నెలల నోటీసు. ఆడవాళ్ల పొదుపు కాగితం మీదకొస్తే తప్ప మన ప్రభుత్వాల కంటికి ఆనదు.

అందుకే ఆ సీసాను ఎవరికీ ఇవ్వనన్నాను. ఖడ్గమృగం బొమ్మ పావలాలు కొన్ని తీసి కిటికీ వెలుతురులో చూశాను. ఏడాది అంకె కింద చిన్న నక్షత్రం, హైదరాబాద్ టంకశాల గుర్తు. చర్లపల్లి టంకశాల 1997లో వచ్చింది, అంతకుముందువన్నీ సైఫాబాద్‌లో అచ్చయినవే. రిజర్వు బ్యాంకు హైదరాబాద్ ఆఫీసు ఉన్నదీ ఆ సైఫాబాద్‌లోనే. గడువు దాటిన రెండు వేల నోటుకు తలుపు తెరిచిన ఆ 19 ఆఫీసుల్లో అదొకటి. పావలా మాత్రం పుట్టిన పేటలోనే చెల్లదు.