విచారణకు కొరత డబ్బుదా, పంచుకున్న పనిదా?

విశాఖలో ఏ విచారణకు (ఒక క్యాథలిక్ గుడి, దానికి చెందిన కుటుంబాలు) వెళ్లినా ఏడాదికి రెండు మూడుసార్లు పూజ చివర ఒక విన్నపం వినబడుతుంది. శ్లాబు కారుతోందనో, మైకు సెట్టు పాడైందనో, పండుగ ఖర్చుకు ఇంకా ఇంత తక్కువపడిందనో చెబుతారు. జనం వింటారు. ఆ ఆదివారం పళ్లెంలో ఇరవై వేసేవాళ్లు యాభై వేస్తారు, మరుసటి వారానికి మళ్లీ ఇరవయ్యే. దీన్ని భక్తి తగ్గిందనడానికి గుర్తుగా చూడటం అన్యాయం. పనంతా ఒకరి నెత్తిన, లెక్కంతా ఒకరి సొరుగులో ఉన్నచోట కానుక చిల్లరగానే వస్తుంది. ఇంట్లో ఖర్చు తెలిసిన బిడ్డ సంపాదనలో కొంత తెచ్చి అమ్మ చేతిలో పెడతాడు. తెలియని బిడ్డ అడిగినప్పుడు మాత్రమే ఇస్తాడు.

ఈ అలవాటు వెనుక చరిత్ర ఉంది. ఇప్పటి ఫ్రాన్స్‌లోని సవాయ్ ప్రాంతపు ఆన్సీ పట్టణం నుంచి పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు (ఫాదర్లు) 1846లో విశాఖ చేరారు. 1886లో విశాఖ మేత్రాసనమైంది (ఒక బిషప్ కింది ప్రాంతం), 2001లో అతిమేత్రాసనమైంది (ఆర్చిబిషప్ కింది ప్రాంతం). తొలి తరాల్లో గుళ్లకు, బడులకు యూరప్ విశ్వాసుల దానాలే పెద్ద ఆసరా. దాంతో ‘ఫాదర్‌గారు ఎక్కడినుంచో తెస్తారు’ అన్న నమ్మకం మనలో పాతుకుపోయింది. ఆ దారి ఇప్పుడు బాగా ఇరుకైంది. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ ప్రకారం ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ నిధిని ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. పరిపాలన ఖర్చు పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి దిగింది. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న మన విచారణ కుర్రాడు భారత పౌరుడైతే, సొంత పొదుపులోంచి బ్యాంకు ద్వారా పంపిన డబ్బు విదేశీ విరాళం కిందికి రాదు. అతను అక్కడి పౌరసత్వం తీసుకున్న మరుక్షణం, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా సరే, వస్తుంది. గుడి కట్టడానికి చందా తీసుకునే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

శ్రీసభ (క్యాథలిక్ సంఘం) ఆస్తి దేనికోసమో శ్రీసభ సొంత చట్టం తేల్చి చెప్పింది. దైవారాధన నడవాలి, గురువులకు జీవనాధారం ఉండాలి, వేదప్రచారం జరగాలి, ముఖ్యంగా పేదలను ఆదుకోవాలి. ఈ అవసరాలకు తోడ్పడటం విశ్వాసుల బాధ్యత అని ఆ చట్టంలోని 222వ సూత్రం. అంకెల్లో పెడితే సంగతి అర్థమవుతుంది. 350 కుటుంబాల విచారణ ఒకటుందనుకుందాం. నెలకు కుటుంబానికి 200 రూపాయల చొప్పున 70,000. ఉపదేశికి (వేదపాఠాలు చెప్పే మనిషికి) 12,000, గుడి చూసుకునే మనిషికి 9,000, కరెంటు, నీళ్లకు 8,000, గురువుల భోజనానికి, ఉపవిచారణలకు వెళ్లే పెట్రోలుకు 15,000, అప్పాలు, ద్రాక్షారసం, కొవ్వొత్తులు, పువ్వులకు 5,000, మేత్రాసనానికి 7,000, పేదల నిధికి 7,000. మొత్తం 63,000. మరమ్మతులకు మిగిలేది 7,000. ఇప్పుడు సగం కుటుంబాలే ఇచ్చాయనుకోండి. కరెంటు బిల్లు ఆగదు కాబట్టి కోత ముందుగా పేదల నిధికి, ఆ తర్వాత ఉపదేశి జీతానికి పడుతుంది. అంటే వేదప్రచారం, కరుణ రెండూ ఒకేసారి దెబ్బతింటాయి, గోడలు మాత్రం నిలబడతాయి. ఈ చిన్న పట్టికను నోటీసు బోర్డు మీద పెడితే పది ప్రసంగాలు చేయలేని పని చేస్తుంది.

ఆ మిగిలిన 7,000 మీద చేయి వేయకూడదు. సముద్రపు ఉప్పుగాలికి ఇక్కడ కడ్డీ తొందరగా తుప్పు పడుతుంది. తుప్పు ఉబ్బి కాంక్రీటు పెచ్చులూడుతుంది. పెచ్చు చిన్నగా ఉన్నప్పుడే గీకి, కడ్డీకి పూత వేసి పూడిస్తే వేలల్లో పోయేది, వదిలేస్తే లక్షల్లోకి వెళుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక రేకుల కప్పులకు మరమ్మతు నిధి, బీమా ఎందుకో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇక లెక్కింపు. నమ్మకం నిలిచేదీ, చెదిరేదీ ఇక్కడే. పూజ అవగానే పళ్లేల డబ్బు సంచిలో పోసి, సీలు వేసి, ఒకరికొకరు బంధువులు కాని ముగ్గురు కలిసి లెక్కపెట్టాలి. 500 నోట్లెన్ని, 200లెన్ని, చిల్లరెంత అని రెండు కాపీలు రాసి ముగ్గురూ సంతకం చేయాలి. ఒక కాపీ గురువుల దగ్గర, ఒకటి కోశాధికారి దగ్గర ఉండాలి. ఆ ముగ్గురిని నెలనెలా మార్చాలి. సోమవారం మొత్తం బ్యాంకులో పడాలి. ఎక్కువచోట్ల తప్పు జరిగేది పువ్వులవాడి దగ్గర. ‘ఎలాగూ ఇవ్వాల్సిందే కదా’ అని 600 అక్కడికక్కడే సంచిలోంచి తీసి ఇచ్చేస్తారు. దొంగతనం కాదు. కానీ ఆదాయమూ 600 తక్కువ కనబడుతుంది, ఖర్చూ 600 తక్కువ కనబడుతుంది. ఏడాది తిరిగేసరికి ఏ అంకే నమ్మదగ్గది కాదు. క్యూఆర్ కోడ్ కూడా అంతే. అది ఎవరి ఫోన్ నంబరుకు ముడిపడిందో చూసుకోవాలి. విచారణ పేరున ఉన్న ఖాతాకు కాక వ్యక్తి ఖాతాకు ఉంటే, ఆయన బదిలీ అయిన రోజున ఆ దారి కూడా ఆయనతోనే వెళ్లిపోతుంది.

పూజ కానుక, అంటే ఒక తలంపు (ప్రార్థన ఉద్దేశం) మీద పూజ చేయమని ఇచ్చే డబ్బు, గురించి అపోహలు మరీ ఎక్కువ. అది పూజకు ధర కాదు. కానుక ఇచ్చే స్థోమత లేని ఇంటి తలంపు మీద కూడా పూజ చేయమని శ్రీసభ గురువులకు గట్టిగా చెబుతుంది. ఒక కానుకకు ఒక పూజ అన్నది మూలసూత్రం. గురువులు రోజుకు రెండు మూడు పూజలు చేసినా, క్రిస్మస్ రోజున తప్ప, తనకోసం ఉంచుకోగలిగేది ఒక్క కానుకే. తక్కినవి పీఠాధిపతి (బిషప్) చెప్పిన పనికి వెళ్లాలి. పది తలంపులు ఒకే పూజలో చదవడంపై 1991లో వారానికి రెండు రోజుల పరిమితి పెట్టారు. 2025 ఏప్రిల్ 20 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త ఆదేశం ప్రకారం, తలంపులు కలిపి చేస్తామని ఇచ్చేవారికి ముందే చెప్పి వాళ్ల మనస్ఫూర్తి సమ్మతి తీసుకోవాలి. వీటికి వేరే పుస్తకం ఉండాలి. ఇంకో మాట. ప్రతి ఆదివారం ఒక పూజను విచారణ గురువులు ఏ కానుకా లేకుండా తన ప్రజలందరి కోసం అర్పించాలి. ఆ పూజ తమకోసమేనని తెలిసిన విశ్వాసులు ఎంతమంది?

ప్రతి విచారణకూ ఆర్థిక మండలి ఉండి తీరాలని శ్రీసభ చట్టంలోని 537వ సూత్రం చెబుతుంది. విచారణ సేవా పనులు చూసే విచారణ మండలి మాత్రం పీఠాధిపతి నిర్ణయం మీద ఆధారపడింది. దాన్నీ తప్పనిసరి చేయాలని 2024 అక్టోబరులో రోమ్‌లో జరిగిన సినడ్ (బిషప్‌ల మహాసభ) తుది పత్రం పట్టుబట్టింది. విచారణ తరఫున చట్టప్రకారం నిలబడేది గురువులే, ఆర్థిక మండలి సలహా ఇస్తుంది. కానీ బడిలో గురువుల కింద పనిచేసే గుమస్తానే కోశాధికారిని చేస్తే ఆ సలహాకు నోరుండదు. పోర్టు లెక్కల విభాగంలో రిటైరైన ఒకరిని, బ్యాంకులో చేసిన ఒకరిని, డ్వాక్రా సంఘం నడిపిన ఒక అక్కను కూర్చోబెట్టండి. పొదుపు వసూలు, తీర్మానం పుస్తకం, అప్పు వాయిదాలు ఆ అక్కకు కొట్టిన పిండి. ఇంత అనుభవం పక్కనే ఉండగా ఆమెకు గుడి ఊడ్చే పని మాత్రమే అప్పగించడం బాధాకరం.

డబ్బు, సేవ వేరువేరు కావు. అపోస్తలులు అన్నం పంపిణీ దగ్గర గొడవ వచ్చినప్పుడే ఏడుగురిని ఎన్నుకున్నారు. పౌలు విరాళం పంపేటప్పుడు ఎవరూ వేలెత్తి చూపకుండా తోడుగా మనుషుల్ని పంపాడు. అందుకే ప్రతి ఇంటికీ ఇచ్చే కార్డులో రెండు గళ్లుండాలి: నెలకు ఎంత ఇవ్వగలం, నెలకు ఎన్ని గంటలు ఇవ్వగలం. రెండో గడిలో పనుల పేర్లు స్పష్టంగా రాయాలి. ఆదివారం సత్యోపదేశం, మంచానపడ్డవాళ్ల దగ్గరికి సత్ప్రసాదం, దివ్యగ్రంథ పఠనం, వైరింగ్ పని, లెక్కింపు. ఊరికే ‘సేవ’ అని రాస్తే అందరూ టిక్కు పెడతారు, ఎవరూ రారు. పేరు ఇచ్చినవాళ్లకు రెండు వారాల్లోపు కబురు వెళ్లకపోతే మరుసటి ఏడాది ఆ కార్డు ఖాళీగా వస్తుంది.

ఈ కార్డులు ఎప్పుడు పంచాలన్నది కూడా ఊరిని బట్టే చూసుకోవాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో వేట నిషేధం, జాలరి కుటుంబాలకు చేతిలో డబ్బాడదు. జూన్‌లో బడి ఫీజులు. మార్చితో ముగిసిన లెక్కను జూన్ 29న, పేతురు పౌలుల పండుగనాడు, చదివి వినిపించి, కార్డులను ఆగస్టు మొదటి ఆదివారం ఇవ్వడం మేలు. నెలకు కాకుండా వేట ఉన్న పది నెలలకే లెక్కగట్టి ఇచ్చే వెసులుబాటు కూడా కార్డు మీదే అచ్చు వేయాలి.