మిగిలిన పదిహేను శాతం

రోడ్ బైక్, అంటే వంపు హ్యాండిల్ ఉండే తేలిక సైకిలు, ఆన్‌లైన్‌లో కొంటే ఎనిమిది వేలు మిగులుతాయి. ఆ లెక్కలో తప్పేం లేదు. షాపులో 48 వేలు, ఫోన్‌లో 40 వేలు. పాత ధర మీద గీత కొట్టి, కొత్త ధర ఎర్రగా, పెద్దగా వేసి మరీ చూపిస్తారు. దాని కింద ఎక్కడో బూడిదరంగు చిన్నక్షరాల్లో ఇంకో అంకె ఉంటుంది: 85 శాతం బిగించి పంపబడును. మిగిలిన పదిహేను శాతంలో ఏమున్నాయయ్యా అంటే పెడళ్ళు, హ్యాండిల్, సీటు, ముందు చక్రం, బ్రేకుల సర్దుబాటు, గేర్ల సర్దుబాటు. అంటే తొక్కడం, తిప్పడం, కూర్చోవడం, ఆపడం తప్ప మిగతాదంతా వాళ్ళే చేసి పెట్టారన్నమాట.

మియాపూర్‌లో అయిదో అంతస్తు బావగారొకరు ఆ చిన్నక్షరాలు చదవలేదు. పేరు మనకెందుకు, అపార్ట్‌మెంటుకి ఒక బావగారైనా ఇలాంటివారు ఉంటారు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల కింద 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబరులో తెరిచారు కదా, అక్కడ ఓ ఆదివారం పొద్దున వంపు హ్యాండిల్ సైకిళ్ళు సర్రున పోవడం చూశారు. సాయంత్రానికి ఆర్డరు పెట్టడానికి కూర్చున్నారు. అక్కడ అడిగింది డబ్బు కాదు, సైజు.

షాపులో అయితే ఇది పది సెకన్ల పని. సైకిల్ నడుమ కాళ్ళు చెరోవైపు వేసి నిలబడమంటారు, తేలిపోతుంది. ఇంట్లో అయితే చెప్పులు తీసి, గోడకు వీపు ఆనించి, గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని కాళ్ళ మధ్య నిలబెట్టి, సీటు మీద కూర్చుంటే ఎంత ఒత్తుకుంటుందో అంత ఒత్తిడితో పైకి నొక్కి, పుస్తకం పై అంచు నుంచి నేలదాకా టేపు పట్టించాలి. ఇదంతా ఇంకొకరి సాయంతో జరగాల్సిన పని. సాయం పట్టేవాళ్ళు నవ్వకుండా ఉండటం కష్టం. ఆ కొలతను సుమారు 0.67తో గుణిస్తే ఫ్రేము సైజు దగ్గరలోకి వస్తుంది. 80 సెంటీమీటర్లుంటే 54 సైజు. పై గొట్టం వాలుగా ఉండే ఇప్పటి ఫ్రేములకు ఇది మొదటి అంచనా మాత్రమే. అసలు చూడాల్సింది స్టాక్, రీచ్ అనే రెండు అంకెలు, అంటే హ్యాండిల్ ఎంత ఎత్తులో, ఎంత దూరంలో వస్తుందన్నది. రెండు సైజుల మధ్య పడితే చిన్నదే మేలు. చిన్న ఫ్రేముకి సీటు ఎత్తవచ్చు, హ్యాండిల్‌ని ఫోర్కు గొట్టానికి కలిపే ముక్క, అంటే స్టెమ్, పొడుగుది వేయవచ్చు. పెద్ద ఫ్రేముని కోసి చిన్నది చేయలేం.

బావగారు ఇంత గొడవ పడలేదు. ప్యాంటు లేబుల్ మీద కాలి పొడుగు 30 అని ఉంటే దాన్నే సెంటీమీటర్లలోకి మార్చి 76 వేశారు. దర్జీ కొలత వేరు, ఇది వేరు. మూడు నాలుగు సెంటీమీటర్లు తేడా వస్తుంది. లెక్క ప్రకారం రావాల్సిన 54 కాకుండా 51 వచ్చింది. అదృష్టం కొద్దీ స్టాకులో 54 ఒక్కటే ఉంది, అదే పెట్టేశారు. రెండు తప్పులు కలిసి ఒక ఒప్పయిన సందర్భం మొత్తం ఈ వ్యవహారంలో ఇదొక్కటే.

వారానికి పెట్టె వచ్చింది. దాదాపు మీటరున్నర పొడుగు, నడుమెత్తు, జానెడు మందం. డెలివరీ కుర్రాడు లిఫ్టులో నిలువుగా పెట్టి పైకి తెచ్చాడు, హాల్లో పడుకోబెట్టాడు. ఏ వైపు కిందికి పడుకోబెట్టాడన్నది ఎవరూ చూడలేదు. పెట్టె మీద పిల్లలిద్దరూ ఎక్కి కూర్చుని పడవ ఆట ఆడారు. ఇది గుర్తుపెట్టుకోండి.

విప్పేటప్పుడు వీడియో తీయాలని బావగారికి తెలుసు. ఏదైనా విరిగి వస్తే అదొక్కటే సాక్ష్యం. అక్కగారు ఫోన్ పట్టుకున్నారు. పెడళ్ళ చేతులు తిరిగే నడిమి ఇరుసు కింద, ఫ్రేము అడుగున చెక్కిన సీరియల్ నంబరు కూడా వీడియోలో పడాలి. వారంటీ అడిగినప్పుడు ముందు అదే అడుగుతారు. వీడియోలో అది పడలేదు కానీ అత్తగారి గొంతు స్పష్టంగా పడింది.

"నలభై వేలు పోశారు, స్టాండు కూడా ఇవ్వలేదా అల్లుడుగారూ?"

"రోడ్ బైకులకి స్టాండు ఉండదండీ. బరువు."

"మడ్‌గార్డులు?"

"అవీ ఉండవు."

"క్యారియరు లేదు, చైనుకి కవరు లేదు. లేని వస్తువులకేనా అంత ధర?"

అత్తగారు తమాషాకి అన్నా మాట నిజమే. మామూలు నల్ల సైకిలు ఇరవై కిలోల పైమాటే. ఇది పది, పదకొండు. మనం డబ్బు పెట్టేది ఆ లేని బరువుకే.

ఇక బిగింపు. పెట్టెలో పట్టడం కోసం ఫోర్కుని, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ళ ముక్కని, వెనక్కి తిప్పి పెడతారు. బావగారు దాన్ని అలాగే ఉంచి, హ్యాండిల్‌ని మాత్రం తిన్నగా బిగించారు. చక్రం పట్టింది, డిస్కు బ్రేకులో దూరింది, అన్నీ కుదిరినట్టే ఉన్నాయి. కిందికి దించితే వాచ్‌మన్ చూశాడు. శ్రీకాకుళం మనిషి, చిన్నప్పుడు సైకిల్ షాపులో పని చేశాడు.

"బాబూ, ముందు సక్రం ఎనక్కి నక్కినట్టుందేటి?"

నక్కింది. ఫోర్కు కాళ్ళు ముందుకు వంగి ఉండాలి. డిస్కు బ్రేకు పట్టు తొక్కేవాడికి ఎడమవైపు, ఫోర్కు కాలికి వెనక ఉండాలి. అది కుడివైపు ముందుకొచ్చి కనిపిస్తే ఫోర్కు తిరగబడిందని అర్థం. అలాగే తొక్కితే మలుపులో బూటు ముందు చక్రానికి తగులుతుంది, హ్యాండిల్ చెప్పిన మాట వినదు. సరిచేయడం కష్టమేం కాదు. స్టెమ్ పక్కనున్న రెండు బోల్టులు వదులు చేసి ఫోర్కుని సగం చుట్టు తిప్పాలి. ఏ వైపు తిప్పాలన్నది బ్రేకు వైరు చెబుతుంది: ఫ్రేము తలకు చుట్టుకోకుండా సాఫీగా దిగేదే సరైన వైపు.

తిప్పాక హ్యాండిల్ కాస్త కదులుతోందనిపించింది. బావగారు స్టెమ్ నడినెత్తిన ఉన్న బోల్టుని పట్టుకుని బిగించారు. అందరూ దాన్నే బిగిస్తారు, పైన కనిపించేది అదే కాబట్టి. దాని పని హ్యాండిల్‌ని పట్టుకోవడం కాదు, లోపలి బేరింగులను ఆట లేకుండా నొక్కి ఉంచడం. మరీ బిగిస్తే హ్యాండిల్ తిరగనని మొరాయిస్తుంది. వరస ఏంటంటే, ముందు పక్క బోల్టులు వదులు చేసి, నెత్తి బోల్టుని ఆట పోయేంతవరకే బిగించి, స్టెమ్‌ని చక్రానికి తిన్నగా చూసుకుని, అప్పుడు పక్క బోల్టులు బిగించాలి. సాధారణంగా 5 న్యూటన్ మీటర్లు, ఎంతన్నది స్టెమ్ మీదే రాసి ఉంటుంది. అల్లెన్ కీతో, అంటే వంగిన ఆరు పలకల కడ్డీతో, అంత బిగించడానికి పెద్ద బలమేం అక్కర్లేదు. బావగారు పొడుగువైపు పట్టుకుని, పళ్ళు బిగించి తిప్పారు.

వీటన్నిటికీ మందుంది. మందులేనిది పెడళ్ళ దగ్గర జరిగింది.

కుడి పెడల్‌కి మామూలు మర, ఎడమ పెడల్‌కి ఉల్టా మర. తొక్కేటప్పుడు చుట్టూ తిరుగుతూ పడే ఒత్తిడికి ఎడమది తనంతట తాను ఊడిపోకుండా అలా చేస్తారు. పెడల్ ఇరుసు చివర ఆర్, ఎల్ అని చెక్కి ఉంటుంది, బియ్యపుగింజంత. బావగారు ఆర్ పెడల్ తీసుకుని ఎడమ క్రాంకులో, అంటే పెడల్‌ని పట్టుకునే ఎడమ చేతిలో, పెట్టారు. అర చుట్టు వెళ్ళి ఆగింది. కొత్త సామాను కదా, కాస్త బిగువుగానే ఉంటుందిలే అనుకున్నారు. స్కూటర్ టూల్ కిట్లోంచి స్పానర్ తెచ్చారు. కిర్రుమంది. ఆ శబ్దం వింటే ఏ మెకానిక్కైనా ఎక్కడున్నా లేచి నిలబడతాడు. పెడల్ ఇరుసు ఉక్కు, క్రాంకు అల్యూమినియం. ఆ ఇద్దరి మధ్య తగువులో ఎవరు ఓడతారో చెప్పక్కర్లేదు. తళతళలాడే సన్నటి పొట్టు ఉంగరాలు చుట్టుకుంటూ నేల మీద పడింది. అక్కగారు ఫోన్ దగ్గరగా పెట్టి అది కూడా తీశారు.

పెడల్‌ మరకు గ్రీజు రాసి, మొదటి మూడు నాలుగు చుట్లు వేళ్ళతో తిప్పాలి. వేళ్ళతో తిరక్కపోతే తప్పు మన దగ్గరుందని అర్థం, స్పానర్ ముట్టుకోకూడదు. ఏ వైపు బిగుసుకుంటుందన్నది గుర్తుండకపోతే ఒక కిటుకు: స్పానర్ పైకి నిలబెట్టి ముందు చక్రం వైపు తిప్పితే రెండు పెడళ్ళూ బిగుస్తాయి, వెనక చక్రం వైపు తిప్పితే రెండూ వదులవుతాయి. కావాల్సింది 15 సైజు సన్న స్పానర్, లేదా లోపలివైపు నుంచి 6 గానీ 8 గానీ అల్లెన్ కీ. మర కొద్దిగా దెబ్బతింటే అదే కొలత ట్యాప్‌తో, అంటే మర కోసే పనిముట్టుతో, తిరగదోడవచ్చు. పొట్టు రాలేదాకా వచ్చాక చాలాసార్లు క్రాంకు మార్చడమే. బావగారిది రెండో రకం.

ఆయన ఆ సాయంత్రానికి క్రాంకు సంగతి ఒప్పుకోలేదు. పెడల్ వంకరగానైనా నిలబడింది కదా, గాలి కొట్టించి ఒక చుట్టు వేద్దామని సందు చివర పంక్చర్ షాపుకి నడిపించుకెళ్ళారు.

"అన్నా, గిదేంది? గాలి మూతి గింత సన్నగుంటే నా పైపు ఎట్ల పడ్తది?"

అది ప్రెస్టా వాల్వు. మోటార్ సైకిల్ పైపు దానికి పట్టదు. ముందు కొనమీదున్న చిన్న నట్టుని విప్పాలి, పట్టేసిందేమోనని వేలితో ఒకసారి నొక్కి బుస్సుమనిపించాలి, ఆపైన ఇత్తడి అడాప్టరు తగిలించాలి. యాభై రూపాయల్లోపు వస్తువు, పెట్టెలో మాత్రం ఉండదు. షాపతను ఎక్కడో డబ్బాలోంచి ఒకటి వెతికి తీశాడు. "ఎంత కొట్టాలె?" అన్నాడు. "మామూలుగా కొట్టు" అన్నారు బావగారు. మామూలు అంటే అతని లెక్కలో బండికి కొట్టే ముప్ఫై. 28 మిల్లీమీటర్ల టైరుకి, డెబ్భై కిలోల మనిషికి డెబ్భై అయిదు, ఎనభై ఉండాలి. ముప్ఫైతో మొదటి గుంతలో దిగితే టైరు రిమ్ముకి నొక్కుకుని, ట్యూబుకి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. పాముకాటు అంటారు దాన్ని. మియాపూర్‌లో మొదటి గుంత కోసం ఎక్కువ దూరం పోనక్కర్లేదు.

అలా ఆ సైకిలు తోసుకుంటూనే షాపుకి చేరింది, 48 వేలు చెప్పిన ఆ షాపుకే.

షాపులవాళ్ళంతా దేవుళ్ళని కాదు. తమ దగ్గర 58 ఒక్కటే మిగిలి ఉంటే "సీటు దించుకుంటే సరిపోతుంది సార్" అంటారు, 50 మిగిలి ఉంటే "సీటు ఎత్తుకుంటే సరిపోతుంది సార్" అంటారు. సీటు గొట్టం మీద ఒక గీత ఉంటుంది, అది బయటికి కనిపించేంత ఎత్తితే గొట్టం విరగవచ్చు, ఫ్రేమూ చీలవచ్చు. ఆ గీత సంగతి అడిగితేనే చెబుతారు. సైకిళ్ళ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది 2025 సెప్టెంబరు 22న. ధర పాతదే చెబుతున్నారేమో బిల్లు చూసుకోవాలి. బాటిల్ స్టాండు ఉచితమని ఇచ్చి, వేసిన లైటుకి రెండింతలు రాస్తారు. మంచి షాపుని కనిపెట్టాలంటే, బోల్టు ఎంత బిగువుగా ఉందో కొలిచి బిగించే టార్క్ రెంచి ఉందా అని అడగండి. చేతికందేంత దూరంలో ఉంటే కొనొచ్చు. "ఉంది సార్, లోపలెక్కడో" అంటే ఆలోచించండి.

కానీ ఒక్కటి మాత్రం ఆన్‌లైన్‌లో రాదు. కొత్త సైకిల్ మొదటి నూరు, రెండు వందల కిలోమీటర్లలో గేరు వైర్లు, వాటి తొడుగులు సర్దుకుంటాయి. చైను ఒక గేరులో ఉండలేక, రెండో దానికి పోలేక టకటకమంటుంది. గేరు వైరు బిగువు సరిచేసే బారెల్ అడ్జస్టర్‌ని పావు చుట్టు చొప్పున తిప్పితే పోయే జబ్బు. షాపులో కొన్నవాళ్ళకి అది ఉచిత సర్వీసులో అయిపోతుంది. ఇంట్లో చేసేవాళ్ళకి ఆ పక్కనే, చైనుని ఒక పళ్ళ చక్రం నుంచి ఇంకోదానికి జరిపే డిరేలర్ మీద రెండు చిన్న స్క్రూలు కనిపిస్తాయి, చేయి ఊరుకోదు. అవి గేర్లు సరిచేసేవి కావు, చైను ఆ చివర, ఈ చివర దాటిపోకుండా కాసే హద్దురాళ్ళు. వాటిలో ఎల్ అని రాసి ఉన్నది ఎక్కువ వదిలేస్తే పెద్ద పళ్ళ చక్రం ఎక్కగానే డిరేలర్ వెళ్ళి చువ్వల్లో దూరుతుంది. చువ్వలు, డిరేలర్, ఒక్కోసారి ఫ్రేము కూడా కలిపే పోతాయి. బావగారు ఆ రెంటినీ తిప్పే వచ్చారు.

మెకానిక్ సైకిల్‌ని స్టాండుకి ఎక్కించి బిల్లు మొదలుపెట్టాడు. ఎడమ క్రాంకు, ట్యూబు, బిగింపు కూలి పదిహేను వందలు. గాలి కొలిచే మీటరున్న ఫ్లోర్ పంపు. న్యాయంగా అయితే ఇది షాపులో కొన్నా కొనాల్సిందే, దీన్ని ఎనిమిది వేలలోంచి తీయకూడదు. తర్వాత వెనక్కి వెళ్ళి, ఒక కన్ను మూసి చైను వెంట చూశాడు.

"పెట్టె కుడివైపు పడుకోబెట్టారా సార్? మీద బరువేమన్నా పెట్టారా?"

బావగారు పిల్లల పడవ ఆట గురించి చెప్పలేదు.

డిరేలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే బొటనవేలంత ముక్క ఉంటుంది, హ్యాంగర్ అంటారు. దెబ్బ తగిలితే ఫ్రేము బదులు అది వంగాలని కావాలనే మెత్తగా చేస్తారు. ఒకసారి నెమ్మదిగా తిన్నగా చేయవచ్చు, రెండోసారికి విరుగుతుంది. ఒక మోడల్‌ది ఇంకో మోడల్‌కి పట్టదు.

"ప్రస్తుతానికి తిన్నగా చేశాను, నాలుగు రోజులు నడుస్తుంది. కొత్తది వేయాలి. మీ బ్రాండ్ మా దగ్గర లేదు సార్, ఆన్‌లైన్‌లోనే తెప్పించుకోవాలి" అన్నాడు మెకానిక్ చేతులు తుడుచుకుంటూ. "తెప్పించేటప్పుడు రెండు తెప్పించండి."