సిలికాన్ పూస్తే మరమ్మతు అయిపోదు

జింకు ముక్కకు రంగు వేశారు!

ఈ ఉదయం చిలికా సరస్సు ఒడ్డున రంభలో దిమ్మెల మీద నిలబెట్టిన నా పడవ కిందికి వంగి చూసేసరికి, ప్రొపెల్లరు ఇరుసుకు బిగించిన ముక్క మీద ఎర్ర రంగు దట్టంగా నిగనిగలాడుతోంది. రెండు పూతలు వేశారు. అంచులు కూడా వదలలేదు. చేతిలోని టీ గ్లాసు అక్కడే పెట్టేసి గరుకు కాగితం తీసుకున్నాను. అదంతా గీకడానికి గంట పట్టింది. ఇప్పుడు సాయంత్రం ఆరయింది. కోపం ఇంకా దిగలేదు. అందుకే రాస్తున్నాను.

ఈ సంగతి తెలియనివారికి ఒక్క మాట. ఉప్పునీటిలో రెండు రకాల లోహాలు ఒకదానికొకటి తగిలి ఉంటే వాటిలో ఒకటి రెండోదాని కోసం కరిగిపోతుంది. కంచు ప్రొపెల్లరు కరగకూడదనే దానికన్నా తొందరగా కరిగే లోహాన్ని పక్కన కడతాం. అది తరిగిపోతూ ప్రొపెల్లరును కాపాడుతుంది. సగం తరిగాక తీసేసి కొత్తది వేస్తాం. నిజానికి నేను వేసింది అల్యూమినియం ముక్క. చిలికా నీరు వానల్లో చప్పబడుతుంది, ఎండల్లో ఉప్పెక్కుతుంది. చప్పబడిన నీటిలో జింకు మీద పొర కట్టి అది పనిచేయడం మానేస్తుంది, అల్యూమినియం అలా మానదు. అయినా ఓడల్లో ఇరవై నాలుగేళ్ళు ఫిట్టరుగా బతికినవాణ్ణి, నా నోటికి ఏది వేసినా జింకే. ఏదైనా సరే, దానికి నీరు తగలాలి. రంగు వేశాక అది అక్కడ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

అమ్మకు బరంపురంలో కంటి ఆపరేషన్. నాలుగు రోజులు అక్కడే ఉండాల్సి వచ్చింది. వెళ్ళేముందు మేస్త్రీకి ఒకటికి రెండుసార్లు చెప్పాను. అడుగు భాగాన్ని గరుకు కాగితంతో రుద్దించండి, అంతకుమించి దేన్నీ ముట్టవద్దు అన్నాను. ఆయన తల ఊపాడు. తిరిగి వచ్చేసరికి పడవ పెళ్ళికూతురిలా ఉంది. "చూడటానికి బాగుంటుందని వేయించాను బాబాయ్, దానికి డబ్బు కూడా తీసుకోను" అన్నాడు. నన్ను అన్నిటికన్నా మండించిన మాట అదే. చూడటానికి బాగుండటం! సముద్రంలో ఎవరు చూస్తారు? నీరు చూస్తుందా?

అసలు దెబ్బ డెక్కు మీద ఉంది. పైకి ఎక్కగానే వెనిగర్ వాసన కొట్టింది. తెరచాప స్తంభాన్ని నిలబెట్టే తీగలు ఈ పడవకు పక్కల ఆరు, ముందొకటి, వెనకొకటి. పక్క తీగలు డెక్కును చీల్చుకుని కిందికి దిగే స్టీలు ప్లేట్లకు బిగించి ఉంటాయి. ఆ ఆరు ప్లేట్ల చుట్టూ, ఆ వాసన కొట్టే తెల్లని సిలికాన్ జిగురు, వేలితో నున్నగా తీర్చి, కేకు మీద మీగడలా. "ఇక చుక్క నీరు దిగదు" అన్నాడు మేస్త్రీ.

చుక్క నీరు దిగదు, నిజమే. దిగిన నీరు బయటికీ రాదు.

ఇది 26 అడుగుల ఫైబర్ పడవ. 1970ల నాటిది. విశాఖలో ఒక పెద్దాయన దగ్గర కొని, స్తంభం పైన కట్టి, లారీ మీద రంభకు తెచ్చుకున్నాను. అడుగున నీటిలోకి దిగే రెక్కను కీల్ అంటారు; దీనికి ఒక పెద్ద కీల్‌కు బదులు రెండు పొట్టివి ఉంటాయి, అందుకే చిలికా లాంటి లోతు తక్కువ నీటిలో తిరగగలదు. ఆ కాలపు పడవల్లో చాలావాటికి డెక్కు ఒకే మందం కాదు. పైన ఒక ఫైబర్ పొర, కింద ఒక ఫైబర్ పొర, మధ్యలో బాల్సా చెక్క. తేలికగా ఉంటుంది, గట్టిగా ఉంటుంది, పొడిగా ఉన్నంతకాలమే. బోల్టు రంధ్రంలోంచి నీరు ఒకసారి ఆ చెక్కలోకి దిగిందంటే పైనుంచి ఏమీ కనిపించదు. స్క్రూడ్రైవరు పిడితో కొట్టి వినాలి. ఆరోగ్యంగా ఉన్నచోట ఠంగుమంటుంది. కుళ్ళినచోట తలుపు మీద తడి గుడ్డతో కొట్టినట్టు దబ్బుమంటుంది. ఎడమవైపు మధ్య ప్లేటు చుట్టూ జానెడు మేర దబ్బుమంటోందని నెల కిందటే సుద్దముక్కతో గీత గీసి పెట్టుకున్నాను. ఆ గీతను తుడిచేసి మరీ సిలికాన్ పూశారు!

కత్తి మొనతో ఒలిస్తే అరటి తొక్కలా ఊడి వచ్చింది. నట్లు విప్పి ప్లేటు పైకి లాగాను. పైన కనిపించే భాగం అద్దంలా ఉంది. డెక్కు మందంలో దాగి ఉన్న భాగం మాత్రం గోధుమ రంగు మచ్చలు పడి ఉంది. ఆ మచ్చల మధ్య వెంట్రుక మందాన అడ్డంగా ఒక గీత. గోరు పెట్టి లాగితే అక్కడ ఆగింది. ఓడల్లో చేసినట్టే ఎర్ర ద్రావకం పూసి, పది నిమిషాలు ఆగి, శుభ్రంగా తుడిచి, తెల్లపొడి చల్లాను. చూస్తుండగా ఆ తెలుపులో ఎర్రని దారం లేచింది. ప్లేటు వెడల్పులో మూడో వంతు.

స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టదని మనకో నమ్మకం. దాని మీద ఉండే సన్నని పొర దాన్ని కాపాడుతుంది. ఆ పొర నిలవడానికి ఆక్సిజన్ కావాలి. గాలి ఆడకుండా, ఉప్పు తడి మధ్య మూసిపెడితే ఆ పొర పోతుంది, స్టీలు లోపలి నుంచి పగులుతుంది. అంటే సిలికాన్ పూసి నీటిని లోపల బంధించినవాడు ఆ ప్లేటుకు మేలు చేయలేదు, ఉన్న పగులుకు మేత వేశాడు. నేను చూసుకోకుండా నవంబరులో తెరచాప ఎత్తి ఉంటే, నలబానా దీవి వైపు ఒక గట్టి గాలి తగిలి ఉంటే, ప్లేటు విరిగి స్తంభం మా అమ్మాయి కూర్చునే చోట పడేది. ఆ పిల్ల ఎప్పుడూ ఎడమవైపే కూర్చుంటుంది. ఇంతకన్నా ఏం చెప్పను?

రంధ్రంలో వేలు పెడితే బాల్సా తడిసిన అటుకుల్లా వచ్చింది. నల్లగా, పులిసిన వాసనతో. ఇప్పుడు చేయాల్సింది ఇదీ. మేకును వంచి డ్రిల్లుకు బిగించి, రెండు పొరల మధ్య తిప్పి కుళ్ళంతా తోడాలి. రోజుల తరబడి ఆరబెట్టాలి. చిక్కని ఎపాక్సీ జిగురు నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలోంచి కొత్త రంధ్రం వేయాలి. అప్పుడు బోల్టు పక్కన చెక్క ఉండదు, నీరు దిగినా తాగేవాడు ఉండడు. ఇక్కడి తేమకు ఎపాక్సీ ఆరినా పైన మైనం లాంటి జిడ్డు తేలుతుంది. దాన్ని నీళ్ళతో కడగకుండా మీద ఇంకో పూత వేస్తే పట్టదు. ఇలా ఆరు ప్లేట్లకు. ఒక్కదాంట్లో పగులు దొరికాక మిగిలిన అయిదింటిని నమ్మేది లేదు. సిలికాన్ జాడ ఉన్నచోట ఏ రంగూ ఏ జిగురూ పట్టదు కాబట్టి ముందు ఆ మీగడంతా ఒలిచి చావాలి.

పోయిన ఏడాది ఇంకొకాయన ఇలాగే చేశాడు. ఇరుసు బయటికి వెళ్ళేచోట తాడు కుక్కిన బిగింపు ఉంటుంది. ఇరుసు తిరుగుతున్నప్పుడు నిమిషానికి రెండు మూడు చుక్కలు కారాలి. ఆ చుక్కలే దాన్ని చల్లగా ఉంచుతాయి. "కారుతోంది" అని ఆయన గట్టిగా బిగించేశాడు. ఇరుసు కాలి గాడి పడింది. కారడం తప్పని ఎవరు చెప్పారు వీళ్ళకు? ఎక్కడ కారాలో, ఎక్కడ కారకూడదో తెలుసుకోవడమే కదా పని అంటే!

మేస్త్రీ మీదే నాకు ఇంత కోపం ఉందనుకోకండి. ఆయన చేతిపని మంచిది. గోడకు రంగు వేస్తే చూస్తూ ఉండిపోతాం. విప్పి చూడటం మాత్రం ఆయనకు ఎవరూ నేర్పలేదు. మా చుట్టాల్లో ఒక్కరికీ ఆ అలవాటు లేదు. పడవ కొన్ననాటి నుంచి ప్రతి శుభకార్యంలోనూ ఒకటే పాట. ఆ పాత డొక్కును అమ్మేసి కొత్త మోటారు బోటు కొనుక్కో, చిలికాలో పర్యాటకులను తిప్పితే నాలుగు డబ్బులు వస్తాయి. మొన్న ఆసుపత్రిలో అమ్మ మంచం పక్కన కూర్చుని మా అన్నయ్య కూడా అదే అన్నాడు. "నాన్న పడవ లాగానే ఇదీ కట్టెలకే పోతుంది."

ఆ మాట అనే హక్కు అన్నయ్యకు లేదు. ఇన్నేళ్ళూ ఇంటి గుట్టని ఊరుకున్నాను, ఇక ఊరుకోను.

మాది గోపాల్‌పూర్ తీరం. ఇక్కడివాళ్ళు మాలాంటి తెలుగు జాలరులను నోలియాలంటారు. ఈ గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడూ మేమిక్కడే ఉన్నాం, 1936లో ఒడిశాలోకి వచ్చాకా ఇక్కడే ఉన్నాం. మా తాతల కాలంలో ఓడలు దూరంగా లంగరు వేస్తే, మనుషులనూ సరుకులనూ ఒడ్డుకు తెచ్చింది మా కుట్టు పడవలే. మేకులు కొట్టిన పడవ ఆ అలల్లో ఒడ్డుకు తగిలితే పలకలు చీలిపోతాయి. కుట్టు పడవకు లోపల అడ్డకట్టెలు ఉండవు, మేకులు ఉండవు. పలక అంచుల వెంట రంధ్రాలు, వాటిలోంచి కొబ్బరి పీచు తాడు, సందుల మీద పీచు వత్తి. అల కొడితే పడవ వంగుతుంది, మళ్ళీ నిలుస్తుంది.

తాడు నానుతుంది, చీకుతుంది. అందుకని నాన్న దాన్ని మొత్తం విప్పేవాడు. విప్పి పలకలను సరుగుడు తోట నీడలో వరసగా పరిచేవాడు. ఒక్కో పలకను బోర్లించి, వెల్లకిల వేసి, అంచు మీద బొటనవేలు నడిపి చూసేవాడు. మెత్తబడినదాన్ని పక్కన పెట్టేవాడు. మిగిలినవాటిని మళ్ళీ కుట్టేవాడు. నేను లోపల కూర్చుని తాడు అందుకునేవాణ్ణి. అరచేతులు పగిలి ఉప్పునీటికి మండేవి. కర్రతో తాడును మెలిపెట్టి బిగిస్తుంటే పడవంతా కిర్రుమనేది. ఆ శబ్దం విని నాన్న "చాలు" అనేవాడు. ఎంత బిగించాలో కొలత అదే. ఇప్పటికీ నట్టు బిగించేటప్పుడు నాకు ఆ "చాలు" వినిపిస్తుంది.

2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. అప్పటికి నాన్న పోయి మూడేళ్ళయింది. నేను ఓడలో ఉన్నాను. తిరిగి వచ్చేసరికి నెలన్నర. పడవ కొట్టుకుపోయి సరుగుడు చెట్ల మధ్య ఇరుక్కుందనీ, కుట్టంతా తెగి పలకలు విడిపోయాయనీ అన్నయ్య ఫోనులో చెప్పాడు. పలకలు విడిపోతే ఏమైంది? విడిపోవడానికే కదా దాన్ని కుట్టేది! పీచు తాడు ఉంటే, ఇద్దరు మనుషులుంటే, పది రోజుల పని. "నేను వచ్చేదాకా ముట్టవద్దు" అన్నాను. సరే అన్నాడు. నేను వచ్చేసరికి ఇసుకలో పడవ ఆనిన గుర్తు మాత్రమే ఉంది. ఎవరికో అమ్మేశాడు. కట్టెలకని ఒకసారి అన్నాడు, ఏదో హోటలు గోడకు అలంకారానికని ఇంకోసారి అన్నాడు. ఎంతకు అని అడిగితే మాట మార్చాడు.

నాన్నతో పాటు కుట్టినవాళ్ళలో ఇప్పుడు ఎవరూ లేరు. మా వాడలో అన్నీ ఫైబర్ పడవలే, వాటిని నేను తప్పుపట్టను, బతకాలి. కానీ ఒక్క కుట్టు పడవ ఉండి ఉంటే మా అమ్మాయికి విప్పి చూపించేవాణ్ణి. ఒడ్డు నుంచి లాగే అలివి వల కోసం ఆ పడవను నీటిలోకి ఎలా దింపేవారో చెప్పేవాణ్ణి. ఒడియా బడిలో చదివే ఆ పిల్లకు చుక్కాని అన్న మాట తెలిసింది ఈ పాత ఫైబర్ పడవ వల్లనే. అందుకే దీన్ని అమ్మను. ప్లేట్లు ఆరూ మారుస్తాను, డెక్కు తోడతాను, ఈ చలికాలం కుదరకపోతే వచ్చే చలికాలం నీటిలో దించుతాను.

అన్నయ్యా, నువ్వు ఈ పోస్టు చదువుతావని తెలుసు. మొన్న అమ్మ ముందు నేను నోరెత్తలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. ఆ పలకలు ఎవరికి అమ్మావో చెప్పు. డబ్బు సంగతి అడగను. మనిషి పేరు, ఊరు చెప్పు చాలు. వెళ్ళి నేనే వెతుక్కుంటాను. అంచున రంధ్రాలు ఉంటాయి కాబట్టి ఏ కట్టెల మోపులో ఉన్నా గుర్తుపడతాను.