పాత మిర్రర్‌లెస్ అంటే సోనీ ఒక్కటేనా? తిరుగుతున్న మెసేజ్‌కి పాయింట్ల వారీగా జవాబు

నెల్లూరు, ఒంగోలు వైపు ఫొటోల మీద ఇష్టం ఉన్న కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "సెకండ్‌హ్యాండ్‌లో పాత మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని, లెన్సులు మార్చుకునే కెమెరా) కొనాలంటే కళ్లు మూసుకుని సోనీ ఎ6000 తీసుకోండి. అది 24 మెగాపిక్సెల్, సెకనుకు 11 ఫొటోలు, 179 ఫోకస్ పాయింట్లు. ఫ్యూజీఫిల్మ్ ఎక్స్-టీ1 మీద రూపాయి పెట్టినా దండగే. ఆల్బమ్ ప్రింటుకు చాలదు, ఫోకస్ దొరకదు, ఆ రంగులు మొబైల్ ఫిల్టర్లు, సీలింగ్ (దుమ్ము, నీళ్లు లోపలికి పోకుండా చేసే బిగింపు) అంతా ప్రచారం. కిట్ లెన్సులు (కెమెరాతో పాటే వచ్చేవి) ఎక్కడైనా ఒకటే. పెళ్లి వీడియోకి కూడా సోనీయే చాలు."

అంకెల వరకు ఈ మెసేజ్‌లో తప్పు లేదు. వాటిని చూపించి చెప్పిన తీర్పుతోనే నా పేచీ. దీన్ని నమ్మి డబ్బు పెట్టేది కావలి, కందుకూరు, పొదిలి లాంటి ఊళ్లలో స్టూడియో అసిస్టెంట్లుగా పనిచేస్తూ దాచుకున్న పిల్లలు. వాళ్లకి రెండో కెమెరా కొనే స్తోమత ఉండదు. అందుకే ఒక్కో మాటా తీసుకుని వివరంగా జవాబు రాస్తున్నాను. రెండు కెమెరాలూ 2014 మొదట్లో నెల తిరగకుండానే ఒకదాని వెంట ఒకటి ప్రకటించినవే కాబట్టి పోలిక పెట్టడం న్యాయమే.

"24 ముందు 16 దిగదుడుపే, ఆల్బమ్‌కి చాలదు"

లెక్క వేసి చూద్దాం. ఎ6000 ఫొటో 6000 × 4000 పిక్సెళ్లు, ఎక్స్-టీ1 ఫొటో 4896 × 3264. మెగాపిక్సెళ్లలో సగం ఎక్కువ అనిపిస్తుంది కానీ పొడవు మీద తేడా 22 శాతమే. మన దగ్గర పెళ్లి ఆల్బమ్‌లో ఎక్కువగా నడిచేది 12 × 36 షీటు. అందులో సగం పేజీకి, అంటే 12 × 18కి ఒక ఫొటో పెడితే సోనీకి అంగుళానికి 333 చుక్కలు, ఫ్యూజీకి 272 వస్తాయి. ఒళ్లో పెట్టుకుని పేజీలు తిప్పే పెళ్లికూతురి అమ్మగారే కాదు, ల్యాబ్ వాళ్లు కూడా ఆ రెంటినీ కంటితో విడదీయలేరు. షీటు మొత్తానికీ ఒకే ఫొటో పరిస్తే సోనీకి 166, ఫ్యూజీకి 136. అక్కడ రెండూ 300కి చాలా దూరమే, అయినా రెండింటితోనూ ఆల్బమ్‌లు అవుతున్నాయి. సెంటర్‌లో కట్టే ఫ్లెక్సీల సంగతి అసలు చెప్పక్కర్లేదు, వాటిని చూసేది రోడ్డు అవతలి నుంచి.

24 మెగాపిక్సెళ్లు నిజంగా పనికొచ్చే చోటు క్రాపింగ్. దూరంగా ఉన్న పక్షిని కోసి పెద్దది చేసుకునేవాళ్లకి ఆ 22 శాతం కలిసొస్తుంది. ఆ మాట మెసేజ్‌లో ఉండి ఉంటే నేను ఒప్పుకునేవాణ్ణి.

"కిట్ లెన్సులు ఎక్కడైనా ఒకటే"

మొత్తం మెసేజ్‌లో ఎక్కువ నష్టం చేసే మాట ఇదే. ఎ6000తో వచ్చేది 16-50 ఎంఎం పవర్ జూమ్. ఎపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం, అంకె తగ్గేకొద్దీ అది పెద్దది) ఎఫ్ 3.5తో మొదలై జూమ్ చేసేకొద్దీ 5.6కి పడిపోతుంది. ఎక్స్-టీ1తో ఎక్కువగా దొరికేది 18-55, అది ఎఫ్ 2.8తో మొదలై 4 దగ్గర ఆగుతుంది. జూమ్ చివర్లో 5.6కీ 4కీ తేడా ఒక స్టాప్, అంటే రెట్టింపు వెలుతురు.

దీన్ని మన కల్యాణ మండపంలో పెట్టి చూడండి. రాత్రి ముహూర్తం. స్టేజీ మీద రంగు ఎల్ఈడీలు, పక్కన వీడియో వాళ్ల లైటు ఒకటి వెలిగి ఆరుతూ ఉంటుంది. జీలకర్ర-బెల్లం పెట్టే క్షణంలో చేతులు కదులుతాయి కాబట్టి షట్టర్ వేగం 1/125 సెకను కంటే తగ్గించలేం. అక్కడ సోనీ కిట్ లెన్సుతో ఐఎస్‌ఓ (చీకట్లో ఫొటోని వెలిగించే సెట్టింగు, పెంచేకొద్దీ నలుసులు ఎక్కువవుతాయి) 6400 పెట్టాల్సి వస్తే, ఫ్యూజీ కిట్‌తో 3200 చాలు. పూర్తి నిజం చెప్పాలంటే ఈ లాభంలో కొంత కోత కూడా ఉంది. ఒకే ఐఎస్‌ఓ, ఒకే షట్టర్, ఒకే ఎపర్చర్ పెడితే ఫ్యూజీ ఫొటో కాస్త చీకటిగా వస్తుంది. ఎక్స్-టీ1లో రా ఫైలు (తర్వాత కంప్యూటర్‌లో దిద్దుకునే ముడి ఫైలు) ఐఎస్‌ఓ 6400 దగ్గరే ఆగిపోతుంది, పైన 51200 దాకా ఉన్నదంతా కెమెరాయే తయారుచేసి ఇచ్చే జేపెగ్‌కే. సోనీ రాలోనే 25600 దాకా వెళ్తుంది. ఇంకో సంగతి. ఎక్కువ ఐఎస్‌ఓలో ఎక్స్-టీ1 జేపెగ్ ముఖాలకి మైనం పూసినట్టు నునుపు తెస్తుంది. నలుసులు తగ్గించే నాయిస్ రిడక్షన్ సెట్టింగుని మైనస్ 2కి దించుకుంటే చాలావరకు తగ్గుతుంది.

ఇవన్నీ తీసేసినా మండపంలో ఫ్యూజీ కిట్ లెన్సుదే పైచేయి. సోనీ బాడీకి (లెన్సు లేని కెమెరాకి) 2016లో వచ్చిన సిగ్మా 30 ఎంఎం ఎఫ్ 1.4 తగిలిస్తే కథ తిరగబడుతుంది, అప్పుడు వెలుతురులో సోనీ సెటప్పే ముందుంటుంది. మెసేజ్ రాసినవాళ్లు ఏ లెన్సో చెప్పకుండా బాడీకి బాడీ పోల్చారు. చీకట్లో ఫొటోని నిలబెట్టేది లెన్సు.

"ఎద్దుల పందేలకి, పక్షులకి సోనీయే. ఫ్యూజీకి ఫోకస్ దొరకదు"

ఇందులో సగం నిజం. ఫోకస్ వేగం గురించి కంపెనీలు చెప్పుకున్న అంకెలు: సోనీ 0.06 సెకను, ఫ్యూజీ 0.08. ఆ తేడా మనిషి వేలు కదిలే వేగం కంటే చాలా చిన్నది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. పట్టించుకోవాల్సింది ఫోకస్ పాయింట్లు ఎక్కడున్నాయన్నది. ఎ6000లో కదిలేవాటిని వెంటాడే 179 ఫేజ్ డిటెక్షన్ ఫోకస్ పాయింట్లు ఫ్రేములో దాదాపు 92 శాతం పరుచుకుని ఉంటాయి. ఎక్స్-టీ1లో అవి మధ్య భాగంలోనే ఉంటాయి. కదిలే వస్తువు అంచుకి జరిగితే ఫ్యూజీ తడబడుతుంది. కదిలేవాటికి పనికొచ్చే జోన్, ట్రాకింగ్ ఫోకస్ మోడ్‌లు ఫ్యూజీకి 2015లో ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) 4.0తో గానీ రాలేదు. సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నవాళ్లు ముందుగా ఆ అప్‌డేట్ ఉందో లేదో చూసుకోవాలి. పాత ఫర్మ్‌వేర్‌తో వాడి "ఫోకస్ దొరకట్లేదు" అని తేల్చేస్తే ఆ కెమెరాకి అన్యాయం చేసినట్టే.

అయితే ఎద్దుల పందెం అంటే ఏమిటో ఈ మెసేజ్ రాసినవాళ్లు దగ్గరగా చూసినట్టు లేదు. మన బండలాగుడు పోటీలో గుర్రప్పందెంలా దూసుకెళ్లడం ఉండదు. ఇచ్చిన సమయంలో బండని ఎంత దూరం లాగాయన్నదే లెక్క. అక్కడ ఫొటో అంటే బండ కదిలే ఆ ఒక్క క్షణం. కాడి కింద మెడలు ముందుకు సాగి, ముందుకాళ్ల గిట్టలు నేలలో దిగి, బండ అంచు నుంచి దుమ్ము లేచే క్షణం. సెకనుకు 11 ఉన్నంత మాత్రాన అది చిక్కదు. ఎ6000లో రా పెట్టి వేలు నొక్కి ఉంచితే ఇరవై చిల్లర ఫొటోలకే, అంటే రెండు సెకన్లకే బఫర్ (కార్డుకి వెళ్లేలోపు ఫొటోలు ఆగే మెమరీ) నిండిపోతుంది. తర్వాత కార్డులోకి రాసుకునేదాకా వేగం పడిపోతుంది. ఎడ్లు తడబడి నిలిచి మళ్లీ ఊపు అందుకునేది సరిగ్గా అప్పుడే. ఎక్స్-టీ1 సెకనుకు 8 ఫొటోలే తీస్తుంది కానీ వేగంగా రాసుకునే యూహెచ్‌ఎస్-2 మెమరీ కార్డు వాడితే త్వరగా తేరుకుంటుంది. ఎ6000 ఆ కార్డుల వేగాన్ని వాడుకోలేదు.

ఇంకా పెద్ద చిక్కు రంగుది. ఒంగోలు గిత్త ఒళ్లు తెలుపు. ఫ్రేమంతా ఎద్దులే నిండితే కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ ఆ తెలుపుని బూడిద రంగుకి దించుతుంది, ఎక్స్‌పోజర్ పెంచాలి. అదే ఎద్దు వెనకాల చెట్ల నీడ పడితే మధ్యాహ్నపు ఎండలో మూపురం మీద వివరం మొత్తం కాలిపోతుంది, వెంటనే తగ్గించాలి. ఈ పెంచడం తగ్గించడం నిమిషానికి నాలుగుసార్లు చేయాలి. ఎక్స్-టీ1లో దానికి పైన విడిగా డయల్ ఉంది, వ్యూఫైండర్ మీద నుంచి కన్ను తీయకుండా బొటనవేలితో తిప్పొచ్చు. ఎ6000లో వెనక చక్రం కింది వైపు నొక్కి, తర్వాత తిప్పాలి. వ్యూఫైండర్ కూడా ఫ్యూజీదే మెరుగు, 23.6 లక్షల చుక్కలు. సోనీలో 14.4 లక్షలే. తెల్లటి ఒంటి మీద ఎండ ఎక్కడ కాలుతోందో ఆ పెద్ద వ్యూఫైండర్‌లో ఇట్టే కనిపిస్తుంది. బండలాగుడికి నేనైతే ఎక్స్-టీ1నే భుజాన వేసుకుంటాను.

పక్షుల విషయంలో మాత్రం మెసేజ్‌తోనే ఉన్నాను. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వెళ్లింది కానీ, నేలపట్టు, పులికాట్ నెల్లూరు ఫొటోగ్రాఫర్లకి ఇప్పటికీ సొంతిల్లే. నేలపట్టులో నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకుంటాయి. పిల్లలకి మేత తెచ్చే పక్షి ఫ్రేములోకి ఏ మూల నుంచి దిగుతుందో ముందుగా తెలియదు. అక్కడ ఫ్రేమంతా పరుచుకున్న ఫోకస్ పాయింట్లు, క్రాపింగ్‌కి మిగిలే పిక్సెళ్లు రెండూ అక్కరకొస్తాయి. కాకపోతే 16-50 లెన్సుతో వెళ్తే పక్షి తెల్లటి చుక్కే. సోనీ 55-210 జూమ్ కూడా చాలీచాలనిదే. 2019లో వచ్చిన 70-350 తగిలిస్తే ఎ6000 నిజంగా పక్షుల కెమెరా అవుతుంది, ఆ లెన్సు 625 గ్రాములే. ఫ్యూజీలో అంత దూరం కావాలంటే 100-400 ఉంది, 1375 గ్రాములు. ఎండలో గట్టు మీద గంటలకొద్దీ మోసేవాళ్లకి ఆ బరువు తేడా చిన్నది కాదు.

"ఫ్యూజీ రంగులు మొబైల్ ఫిల్టర్లు, రా తీస్తే పురుగులు"

ఫిల్టర్ అనేది తయారైన ఫొటో మీద పూసే పూత. ఫ్యూజీ ఫిల్మ్ సిమ్యులేషన్ (పాత రీళ్ల రంగుల్ని అనుకరించే సెట్టింగు) సెన్సర్ ఇచ్చిన పూర్తి సమాచారం నుంచి జేపెగ్ తయారయ్యేటప్పుడే పనిచేస్తుంది. ప్రోవియా, వెల్వియా, ఆస్టియా పేర్లు ఆ కంపెనీ దశాబ్దాల పాటు అమ్మిన రీళ్లవి. పెళ్లిలో పట్టుచీర ఎరుపు, పసుపు రాసిన ముఖం, పచ్చటి తోరణం ఒకే ఫ్రేములో ఉన్నప్పుడు ఆస్టియాలో చర్మం రంగు చెడకుండా వస్తుంది. రాత్రికి రాత్రి ఫొటోలు పంపమనే పెళ్లివారికి కంప్యూటర్ ముందు కూర్చోకుండా జేపెగ్‌లు ఇచ్చేయగలగడం నిజమైన పని లాభం. సోనీ రా కూర్చుని దిద్దితే అంతే బాగా వస్తుంది, సందేహం లేదు. ఆ కూర్చునే టైమ్ మీకుందా అన్నదే ప్రశ్న.

పురుగుల ఆరోపణ మాత్రం గాల్లోంచి పుట్టింది కాదు. ఫ్యూజీ వాడే ఎక్స్-ట్రాన్స్ సెన్సర్ రా ఫైళ్లని ఫొటోలు దిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కువగా షార్ప్ చేస్తే గడ్డి, ఆకుల దగ్గర పురుగులు పాకినట్టు గీతలు వచ్చేవి. 2019లో లైట్‌రూమ్‌కి ఎన్‌హాన్స్ డీటెయిల్స్ అనే సదుపాయం వచ్చాక ఆ బాధ బాగా తగ్గింది. అలాంటిదే మరో సాఫ్ట్‌వేర్ క్యాప్చర్ వన్‌లో అంతకుముందు కూడా అంతగా లేదు. మీరు తీసేది వరిచేలు, కొబ్బరితోటలే అయితే దీన్ని లెక్కలోకి తీసుకోండి. మనుషుల ఫొటోలకి దీనివల్ల టెన్షన్ పడక్కర్లేదు.

"సీలింగ్ అంతా ప్రచారం, మన దగ్గర వానే పడదు"

మన దగ్గర కెమెరాకి వాన ఒక్కటే శత్రువు కాదు. మైపాడు, కొత్తపట్నం తీరంలో ఉప్పుగాలి, చీమకుర్తి వైపు గ్రానైట్ పొడి, బండలాగుడు బరిలో మోకాలెత్తు దుమ్ము. మొహర్రం నెలలో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగకి వెళ్లండి. నీళ్లలో నిలబడి రొట్టెలు మార్చుకునేవాళ్ల మధ్య నాలుగు అడుగులు వేస్తే చాలు, మోచేతి దాకా నీళ్లు చిందుతాయి. ఎ6000కి ఎలాంటి సీలింగ్ లేదు. ఎక్స్-టీ1 బాడీకి దుమ్ము, నీటి చుక్కల నుంచి రక్షణ ఉంది.

ఫ్యూజీ వైపు వాళ్లు కూడా దాచకూడని మాట ఒకటుంది. సీల్ చేసిన లెన్సు పెడితేనే ఆ రక్షణ పూర్తవుతుంది. పైన పొగిడిన 18-55కి సీలింగ్ లేదు. 18-135 లాంటి, డబ్ల్యూఆర్ (వెదర్ రెసిస్టెంట్) అని రాసి ఉన్నవే పెట్టాలి. పాత ఎక్స్-టీ1 కొనేటప్పుడు పట్టు మీది రబ్బరు, పక్క తలుపులు వేలితో నొక్కి చూడండి. రబ్బరు ఉబ్బి లేచిపోవడం ఈ మోడల్‌లో మామూలే. తలుపు సరిగా మూసుకోకపోతే సీలింగ్ ఉన్నా లేనట్టే.

అదే రొట్టెల పండగలో ఎ6000కి ఒక మేలుంది. కిట్ లెన్సుతో కలిపి అది 460 గ్రాములు, ఫ్యూజీ 750. చిన్న కెమెరా ముందు మనుషులు బిగుసుకుపోరు. సంతాన రొట్టె పట్టుకుని కళ్లు మూసుకున్న తల్లి ముఖం తీయాలంటే పెద్ద లెన్సుతో మీద పడటం మర్యాద కూడా కాదు.

"పెళ్లి వీడియోకి సోనీయే చాలు"

చాలదు. రెండింటిలోనూ 4కే లేదు. ఎ6000కి బయటి మైకు పెట్టుకునే సాకెట్టే లేదు, మంత్రాలు, నాదస్వరం సరిగా వినపడాలంటే విడిగా రికార్డర్ పెట్టాలి. ఎక్స్-టీ1కి మైకు సాకెట్ ఉన్నా దాని వీడియో సోనీ కంటే నాసి. బ్యాటరీ సంగతీ అంతే. కంపెనీల లెక్కలో ఒక్కసారి ఛార్జింగ్‌కి సోనీ 360 ఫొటోలు, ఫ్యూజీ 350. ఏది కొన్నా పెళ్లికి వెళ్లేముందు జేబులో ఇంకో రెండు బ్యాటరీలు ఉండాల్సిందే.

మెసేజ్ చూసి ఇప్పటికే ఎ6000 కొన్నవాళ్లు దాన్ని అమ్మేసి ఫ్యూజీ వెతుక్కోవద్దు, ఆ మారకంలో డబ్బు పోవడం తప్ప ఒరిగేదేమీ లేదు. చేసేది పెళ్లిళ్లైతే ఆ డబ్బు సిగ్మా 30కి దాచండి, పక్షులైతే 70-350కి. ఇంకా కొననివాళ్లు, వచ్చే ఆరు నెలల్లో ఏం తీయబోతున్నారో ముందు కాగితం మీద రాసుకుని, దానికి ఏ లెన్సు కావాలో తేల్చుకుని, ఆ లెన్సు ఎక్కే బాడీని ఆఖర్న వెతకండి.