అప్‌లోడ్ ఎంతిస్తావో చెప్పు తమ్మీ, మిగతాది తర్వాత

పొద్దున్నే ఫోన్. "సార్, మీ ప్లాన్ రెన్యువల్‌కొచ్చింది. 300 నుంచి 500 ఎంబీపీఎస్‌కి మార్చుకోండి, నెలకి నాలుగొందలే ఎక్కువ." అప్‌లోడ్ ఎంత తమ్మీ అన్నాను. "500 సార్." అది డౌన్‌లోడ్, నేనడిగేది అప్‌లోడ్. "అదీ... ఫుల్ స్పీడే ఉంటది సార్." సరే, రాసివ్వు అన్నాను. కట్ అయింది. లైనే కట్టయిందో, వాడే కట్ చేశాడో. నెట్ కంపెనీ ఫోన్ కదా, రెండూ నమ్మొచ్చు.

కంపెనీ పేరు రాయను. పేరు మారినా కథ మారదు, నాలుగు మార్చి చూశాను.

మాది ఉప్పల్‌లో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే షాపు. ఆరు సిస్టమ్‌లు, ఆరుగురు పిల్లలు. కరీంనగర్, సూర్యాపేట, ఖమ్మం స్టూడియోల వాళ్లు ఫోటోలు పంపిస్తారు, మేం షీట్లు కట్టి తిరిగి పంపాలి. ఒకప్పుడు హార్డ్ డిస్క్ బస్సులో వేసేవాళ్లు, నేను స్టాండుకెళ్లి తెచ్చుకునేవాణ్ణి. ఇప్పుడంతా లింకే. 12 బై 36 అంగుళాల షీటు 300 డీపీఐలో కడితే ఒక్కొక్క పీఎస్‌డీ, అంటే ఫోటోషాప్ ఫైలు, మూడొందల ఎంబీ దాకా లాగుతుంది. యాభై షీట్ల ఆల్బమ్, జేపెగ్‌లతో కలిపితే 16 జీబీ. అంటే నా బతుకంతా అప్‌లోడ్ మీదే. డౌన్‌లోడ్ 300 అని ఊదరగొట్టి ఇచ్చిన లైనులో అప్‌లోడ్ కొలిస్తే 20 వచ్చింది. లెక్క వేసుకోండి: 16 జీబీ వెళ్లడానికి గంటా నలభై ఏడు నిమిషాలు, అదీ మధ్యలో తెగకపోతే. వంద వస్తే అదే పని ఇరవై రెండు నిమిషాలు కూడా పట్టదు. పెళ్లికూతురి నాన్న స్టూడియోలో కూర్చుని "ఇంకా రాలేదా" అంటుంటే, స్టూడియో అన్న నాకు చేసే ఫోన్లు ఆ గంటా నలభై ఏడు నిమిషాల్లోనే.

ఎంబీపీఎస్ అంటే సెకనుకి అన్ని ఎంబీలు అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు, నేనూ చాలాకాలం అలాగే అనుకున్నా. అవి మెగాబిట్లు, ఎనిమిదితో భాగిస్తేనే ఎంబీలు. 300 అంటే ముప్పై ఏడున్నర ఎంబీ, అదీ ఆ లైను మీద మీరొక్కరే ఉంటే. ఉండరు. ఇప్పుడు మన వీధుల్లోకి వచ్చే ఫైబర్ ఎక్కువగా జీపాన్, అంటే ఒకే పోగును చాలా ఇళ్లకి పంచే పద్ధతి. ఒక పోగులో కిందికి దాదాపు 2.5 జీబీపీఎస్, పైకి దాదాపు 1.25. దాన్ని స్ప్లిటర్ పెట్టి 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు. రాత్రి ఎనిమిదింటికి వీధంతా సినిమాలు పెడితే మన వంతెంతో అప్పుడు తెలుస్తుంది. కనెక్షన్ ఇచ్చేవాడేమో పొద్దున పదకొండింటికి వచ్చి స్పీడ్ టెస్ట్ చూపించి పోతాడు. ఆ టెస్ట్ సర్వర్ చాలాసార్లు వాళ్ల నెట్‌వర్క్ లోపలే ఉంటుంది. అది తన కొలబద్దతో తనే కొలుచుకోవడం.

ఇక్కడ నా తెలివి కూడా చెప్పుకోవాలి. ఎనిమిది నెలలు ఆ కంపెనీని తిట్టాను, 300 కడితే సిస్టమ్‌లో 95 దాటట్లేదని. చివరికి మా దగ్గర పనిచేసే పిల్లాడు బల్ల కిందికి దూరి, దుమ్ము పట్టిన ఓ ఎనిమిది పోర్టుల స్విచ్, అదే నెట్‌ని సిస్టమ్‌లకి పంచే డబ్బా, బయటికి లాగాడు. "అన్నా, ఇది వంద ఎంబీపీఎస్‌దే." నా పాత ఇంటర్నెట్ కేఫ్ రోజుల నాటిది. దాన్నుంచి వందకు మించి ఎలా వస్తుంది? గిగాబిట్ స్విచ్ వేశాక ఆ గొడవ పోయింది. కాబట్టి పెద్ద ప్లాన్‌కి మారేముందు బల్ల కిందికి ఒకసారి దూరండి. వైఫైలో, ఫోన్లో కాదు, ల్యాన్ వైరు గుచ్చి కొలవండి.

ఇక అసలు దెబ్బ. ఒక కంపెనీ మీద ఆధారపడకూడదని రెండు కంపెనీల దగ్గర రెండు లైన్లు తీసుకున్నా. నెలకి రెండు బిల్లులు, భలే జాగ్రత్తపరుణ్ణని నాకు నేనే మురిసిపోయా. 2025 ఆగస్టులో రామంతపూర్‌లో కృష్ణాష్టమి రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు, గుర్తుందిగా. ఆ తర్వాత విద్యుత్ సంస్థ వాళ్లు స్తంభాల మీది కేబుళ్లు కత్తిరించుకుంటూ వచ్చారు. వాళ్లను తప్పుపట్టను, ప్రాణాల ముందు నా ఆల్బమ్ ఎంత. కానీ నా రెండు లైన్లూ ఒకేసారి పోయాయి. బయటికొచ్చి చూస్తే రెండూ మా సందు మొదట్లోని అదే స్తంభానికి, అదే చుట్టలో కలిసి వేలాడుతుండేవి. కంపెనీలు రెండు, తాడు ఒకటే. శ్రావణం ముహూర్తాలు, చేతిలో పదకొండు ఆల్బమ్‌లు. మోడెమ్ మీద ఎర్రలైటు టపటపా కొట్టుకుంటోంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద రెండు పంపి, మిగతావి హార్డ్ డిస్క్‌లో వేసుకుని మళ్లీ బస్సు స్టాండుకే వెళ్లా.

పరిహారం అడిగితే ఏమిచ్చారో తెలుసా? లైను లేని రోజుకి ఆ రోజు అద్దె తగ్గించారు. నెలకి 1,500 ప్లాన్ కాబట్టి రోజుకి 50 రూపాయలు. ఖాళీగా కూర్చున్న ఆరుగురికి నేనిచ్చిన కూలి 4,200. దీన్నే ఒప్పందంలో 99.5 శాతం అప్‌టైమ్ అని ఘనంగా రాస్తారు. నెలలో మూడు గంటల ముప్పై ఆరు నిమిషాలు పోయినా మాట తప్పినట్టు కాదన్నమాట. తప్పినా యాభై రూపాయలే.

లీజ్డ్ లైన్ తీసుకోవచ్చుగా అంటారు. అడిగాను. ఎవరితో పంచుకోని లైను, పైకీ కిందికీ ఒకే స్పీడు, బాగుచేసే గడువు కాగితం మీద ఉంటుంది. ధర నా ప్లాన్‌కి పదింతలు చెప్పారు. కాల్ సెంటర్‌కో ఆసుపత్రికో అది న్యాయమే. నాకు దండగ. నాకు కావలసింది వేరే దారిలో వచ్చే రెండో లైను. ఇప్పుడొకటి ఫైబర్, ఇంకోటి డాబా మీద రిసీవర్ పెట్టి గాలిలో వచ్చే 5జీ. ఫైబర్ పోతే రూటరే దానంతటది రెండోదానికి మారుతుంది. అది స్పీడు తక్కువే, కానీ స్తంభంతో పనిలేదు.

ఇంకో ముచ్చట. మూడేళ్లు బిల్లు నా సొంత పేరు మీద వచ్చింది, షాపు జీఎస్టీ నంబరు ఇవ్వలేదు. 18 శాతం అంటే నెలకి 270. ఇన్‌పుట్ క్రెడిట్ కింద వెనక్కి రావాల్సిన 9,720 గాలికి పోయింది. ఆడిటర్ గారు చెబుతూ నవ్వారు కూడా. జీఎస్టీలో చిన్న వ్యాపారులకుండే కాంపోజిషన్ స్కీములో ఉన్నవాళ్లకి ఎలాగూ రాదు, మిగతావాళ్లు ఇవాళే బిల్లు తీసి చూసుకోండి. ఏడాది డబ్బు ముందే కడితే ఒక నెల ఫ్రీ అంటే మాత్రం పడకండి. డబ్బు వాళ్ల జేబులో పడ్డాక మన ఫోన్ ఎవడెత్తుతాడు?

నిజానికి ఇన్నేళ్లలో నా డబ్బుకి విలువ దక్కిందంటే అది లైను చూసే కుర్రాడి వల్లే. రాత్రి తొమ్మిదింటికి వర్షంలో నిచ్చెనేసుకుని వచ్చి, పోగు అతికించి, పోగులో వెలుగు ఎంతొస్తోందో మీటరు పెట్టి చూసి "మైనస్ 21 అన్నా, బాగుంది" అని చెప్పి పోతాడు. అతనికి జీతం సరిగ్గా ఇస్తున్నారో లేదో నాకు తెలీదు. అతను ఏ కంపెనీకి మారితే నేనూ అక్కడికే మారదామని చూస్తున్నా.

రెన్యువల్ 14వ తారీఖు. అప్‌లోడ్ ఎంతో మెయిల్‌లో రాసి పంపమన్నా. ఇప్పటికి వచ్చింది 500 ఎంబీపీఎస్ ఆఫర్ బొమ్మ ఒకటి, మూడుసార్లు.